పద్యం పూర్తి చెయ్యనివ్వండి

మన సంఘం ఉగాది వేడుకల్లో జరిగిన శతక పద్యాల పోటీ నాకింకా మింగుడుపడడం లేదు. ఒక చిన్నపాప మూడో పాదం దగ్గర తడబడింది. పక్కనుంచి అందించేవాళ్ళు లేరు. వేదిక మీదున్న పెద్దాయన మైకులోనే "ఇంట్లో అంతా ఇంగ్లీషేనా అమ్మా?" అన్నారు. హాలంతా నవ్వింది. పాప పట్టులంగా కుచ్చెళ్ళు పట్టుకుని దిగిపోయింది. చివర్లో అట్టపెట్టెల్లోంచి ట్రోఫీలు తీసి పిల్లలందరికీ పంచారు, వేదికెక్కని వాళ్ళకు కూడా. ఆ పాప ఇప్పుడు తెలుగు తరగతికి రానంటోంది.

జంతువులు ఎలా నేర్చుకుంటాయన్నది నేను కాలేజీలో చెప్పే పాఠం. 1964లో బ్రౌన్, వాగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలుకల్ని ఇరుకు దారిలో పరుగెత్తించారు. కొన్నిటికి దారి చివర ప్రతిసారీ మేత, కొన్నిటికి సగంసార్లే. మూడో గుంపుకు మేత ప్రతిసారీ ఉంది కానీ, సగంసార్లు దాంతోపాటు కరెంటు షాకు, మొదట చిన్నగా, పోనుపోను పెంచుతూ. తర్వాత మేత ఆపేస్తే, ఏ ఇబ్బందీ లేకుండా ప్రతిసారీ తిన్నవే అన్నిటికంటే ముందు పరుగు మానేశాయి.

"చూశారా, దెబ్బ మంచిదే" అనేవారు 1967 నాటి ప్రయోగం కూడా చూడాలి. సెలిగ్‌మన్, మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని కుక్కల్ని కట్టేసి, ఏం చేసినా ఆగని షాకులిచ్చారు. మర్నాడు వాటిని ఒక పెట్టెలో పెట్టి షాకిచ్చారు, ఈసారి మధ్యనున్న అడ్డుపలక దూకితే తప్పించుకోవచ్చు. అయినా వాటిలో చాలా కుక్కలు దూకలేదు. ముందురోజు మూతితో పలక నొక్కి షాకు ఆపుకోగలిగిన కుక్కలు మాత్రం దూకాయి. తేడా దెబ్బలో లేదు, దాన్ని దాటే దారి ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

మా తాతగారు సాయంత్రాలు అరుగు మీద పద్యాలు చెప్పించేవారు. తప్పితే తొడపాశం. అంతటితో వదలరు, పాదం అందించి మళ్ళీ మొదటినుంచి చదివించేవారు. ఒప్పజెప్పాక, బుద్ధి పుడితే, పటికబెల్లం పలుకు చేతిలో పెట్టేవారు. ఏ రోజు పెడతారో తెలిసేది కాదు, మర్నాడూ వెళ్ళి కూర్చునేవాళ్ళం. తొడపాశం మళ్ళీ రావాలని నేననను. కానీ ఆ అరుగు మీద ఏ పద్యమూ సగంలో ఆగిపోలేదు.

కొత్తగా మొదలుపెట్టే పసివాళ్ళకు ప్రతిసారీ చప్పట్లు కావాలి, నిజమే. ఏళ్ళు గడిచినా అదే పంచుతుంటే, పంచని రోజున పిల్లలు మానేస్తారు.

కార్యవర్గానికి నా మనవి. దీపావళికి పద్యాలు తెలిసిన టీచరమ్మనొకరిని వేదిక పక్కన నిలబెట్టండి. ఆగిన బిడ్డకు పాదం అందించండి, పద్యం పూర్తయ్యేదాకా మైకు ఎవరి చేతికీ ఇవ్వకండి. ట్రోఫీల డబ్బుతో తరగతికి పద్యాల పుస్తకాలు కొనండి.