కోలుకున్న నేరానికి

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన జర్మనీలో 1918లో పుట్టిన రిపబ్లిక్ చాలా తప్పులు చేసింది. అన్నిటికంటే క్షమించరానిది, కోలుకోవడం.

మర్యాదగా చూస్తే అసలు ఏర్పాటు వేరు. యుద్ధం చేసింది చక్రవర్తి. ఓడినాక ఆయన రైలెక్కి హాలెండ్ వెళ్లిపోయాడు. సైన్యాధిపతులు సంధి సంతకాల పని పౌర నాయకుల నెత్తిన పెట్టి, ఆనక "వెన్నుపోటు పొడిచారు" అన్నారు. ఇక రిపబ్లిక్ చేయాల్సిందల్లా బుద్ధిగా నాశనమైపోవడమే.

మొదట్లో ఆ ప్రయత్నం బాగానే చేసింది. యుద్ధ నష్టపరిహారం బాకీ పెట్టిందని 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు పశ్చిమ జర్మనీలోని రూర్ బొగ్గు గనుల్లో దిగాయి. నిరసనగా పని మానేసిన కార్మికులకు ప్రభుత్వం నోట్లు అచ్చేసి మరీ జీతాలిచ్చింది. రెండోవైపు ముద్రించే తీరిక లేక కొన్ని నోట్లను ఖాళీగానే వదిలేశారు. పాత వెయ్యి మార్కుల నోటు మీద ఎర్ర సిరాతో అడ్డంగా "వంద కోట్లు" అని కొట్టి చేతిలో పెట్టారు. నవంబరుకు డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు. ఇందులో ప్రభుత్వానికి చిన్న లాభం కూడా ఉందండోయ్. జనం దగ్గర బాండ్లమ్మి చేసిన యుద్ధ రుణం, సుమారు 15,400 కోట్ల మార్కులు, పాత విలువలో 15 ఫెనిగ్‌లకు దిగింది. మార్కుకు వంద ఫెనిగ్‌లు. దేశభక్తితో బాండ్లు కొన్న పెద్దమనుషులు ఆ చిల్లర లెక్కపెట్టుకున్నారు.

అంతలో స్ట్రెజెమాన్ ఛాన్సలరై, అంటే ప్రధానై, అంతా పాడుచేశాడు. రూర్ నిరసన ఆపించి, నవంబరు 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త నోటు తెచ్చాడు. దాని వెనక బంగారం లేదు, దేశంలోని పొలాల మీదా పరిశ్రమల మీదా రాసుకున్న తాకట్టు ఉంది. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక కొత్త మార్కు. దీన్ని నడిపించిన షాఖ్ట్‌కు ఆఫీసుగా దొరికింది చీపుర్లు పెట్టుకునే చీకటి గది. ఆయన కనిపెట్టిన మహా రహస్యం, అచ్చు ఆపడం. అంతకుముందు రాజీనామా చేయమంటే ససేమిరా అన్న కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు హావెన్‌స్టైన్, మార్కు నిలబడిన నవంబరు 20నే కన్నుమూశాడు. మూడు రోజులకు పార్లమెంటు స్ట్రెజెమాన్‌ను దించేసింది. నోటు నిలబడింది, ప్రభుత్వం పడింది.

తర్వాతిది అప్పు చేసి పప్పు కూడు. నష్టపరిహారానికి వాయిదాలు కుదిర్చిన 1924 డాస్ ప్రణాళికతో అమెరికా అప్పిచ్చింది. జర్మనీ అందులోంచి ఫ్రాన్స్, బ్రిటన్‌లకు నష్టపరిహారం కట్టింది. వాళ్లు అమెరికాకు యుద్ధ బాకీ కట్టారు. మధ్యలో మిగిలినదాంతో నగరపాలికలు ఈత కొలనులు కట్టుకుంటుంటే షాఖ్ట్ కడుపు మండిపోయింది.

న్యాయమూర్తులు మాత్రం చలించలేదు. జీతం రిపబ్లిక్‌ది, భక్తి చక్రవర్తిది. మ్యూనిక్‌లో తిరుగుబాటు చేసినందుకు హిట్లర్‌కు అయిదేళ్ల శిక్ష వేసి, 1924 డిసెంబరు 20న వదిలేశారు. అదే నెల 23న మాగ్డెబుర్గ్ కోర్టు, దేశాధ్యక్షుడు ఎబెర్ట్ యుద్ధం నడుస్తుండగా జరిగిన 1918 ఆయుధ కార్మికుల సమ్మెలో పాల్గొన్నాడు కాబట్టి చట్టప్రకారం ద్రోహేనని తేల్చింది. ఆ కేసు వేసింది ఎబెర్టే, తనను ద్రోహి అన్న పత్రికా సంపాదకుడి మీద. రెండు నెలలకు ఎబెర్ట్ పోయాడు. జనం ఆ కుర్చీలో వెన్నుపోటు కథను ఊరంతా చాటిన ఫీల్డ్ మార్షల్ హిండెన్‌బుర్గ్‌ను కూర్చోబెట్టారు. 1926లో ఓ ప్రభుత్వమైతే విదేశాల్లోని రాయబార కార్యాలయాల మీద చక్రవర్తి కాలం నాటి పాత రంగుల జెండా కూడా ఎగరేయాలని ఉత్తర్వు ఇచ్చి, ఆ గొడవలోనే కూలింది. ఆకలి తీరినవాళ్లకే ఇంత తీరిక.

అయినా కోలుకోవడం ఆగలేదు. 1928 ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి 491 సీట్లలో 12 దక్కాయి. 1929 అక్టోబరు 3న, అప్పటికి విదేశాంగ మంత్రిగా ఉన్న స్ట్రెజెమాన్ పోయాడు. నెలాఖరుకు న్యూయార్క్ మార్కెట్ కూలింది. అప్పిచ్చినవాళ్లు డబ్బు వెనక్కి అడగడం మొదలుపెట్టారు. 1930 సెప్టెంబరులో ఆ 12 సీట్లు 107 అయ్యాయి. మార్కు మాత్రం అప్పటికీ గట్టిగానే ఉంది.