సవరణ: డాలస్ ట్రినిటీ రోడ్డు ఆగింది 2007లో కాదు

డాలస్‌లో ట్రినిటీ నది కరకట్టల మధ్య, పార్కు రావాల్సిన చోట కట్టాలనుకున్న టోల్ రోడ్డు గురించి మొన్న పోస్ట్ పెట్టాను కదా, అందులో 2007లో జనం ఓటేసి దాన్ని ఆపేశారని రాశాను. అది తప్పు.

2007 నవంబర్‌లో గెలిచింది రోడ్డు కావాలన్న వైపే, దాదాపు 53 శాతంతో. కరకట్టల లోపల హైస్పీడ్ రోడ్డు వద్దని సంతకాలు సేకరించి విషయాన్ని ఓటింగ్ దాకా తెచ్చింది అప్పటి కౌన్సిల్ మెంబర్ ఏంజెలా హంట్ వాళ్ళు, వాళ్ళే ఓడిపోయారు. రోడ్డు వద్దనుకునేవాళ్ళు 'ఎస్' అని వెయ్యాలి అక్కడ, ఫలితంలో 'నో' గెలిచిందని చూసి నేను తిరగేసి అర్థం చేసుకున్నా.

నిజంగా ఆగింది 2017 ఆగస్టులో, సిటీ కౌన్సిల్ 13-2తో మద్దతు వెనక్కి తీసుకున్నప్పుడు. ఈలోగా 2009లో ఆర్మీ ఇంజనీర్లు అసలు ఆ కరకట్టలే పనికిరావని రేటింగ్ ఇచ్చారు, ఖర్చేమో బిలియన్ డాలర్లు దాటిపోయింది, అంత డబ్బు ఎక్కణ్ణించి తేవాలో ఎవరూ తేల్చలేకపోయారు. ఇవన్నీ ఆనాటి ఎన్నికల ఫలితాల్లో, కౌన్సిల్ నిర్ణయం మీద వచ్చిన వార్తల్లో ఉన్నవే.

ఈ తేడా చిన్నది కాదండి, ఎందుకంటే నా పోస్ట్ చదివితే ఒక్కసారి జరిగిన ఓటింగ్‌తోనే పార్కు మిగిలిపోయిందనిపిస్తుంది, కానీ ఓడిపోయినవాళ్ళు ఆ తర్వాత కూడా పదేళ్ళు రోడ్డు వద్దని వదలకుండా అడుగుతూనే ఉన్నారు, నాకైతే అదే అసలు విషయం. పాత పోస్ట్‌లో ఆ పేరా మార్చేశాను, షేర్ చేసినవాళ్ళు దయచేసి మళ్ళీ కొత్తది పెట్టండి.