కోర్సు చేస్తే జీతం పెరుగుతుందా? పీణ్యలో అడగండి

మా పక్కింట్లో అద్దెకుండే మదనపల్లె అబ్బాయి (అబ్బాయంటే 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు) పోయినేడాది ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే, లోహం కోసే మెషిన్) ప్రోగ్రామింగ్ క్లాసుకు వెళ్లాడు. వారమంతా బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో పన్నెండు గంటల షిఫ్టు, ఫీజేమో భార్య చీటీ పాడి కట్టింది. ఇప్పుడు కొత్త జాబ్ (తయారుచేయాల్సిన కొత్త భాగం) వస్తే టూల్ ఆఫ్‌సెట్లు, అంటే పనిముట్ల కొలతల సవరణలు, మెషిన్‌కు తనే ఇస్తాడు, మొదటి పీసు మైక్రోమీటర్ పెట్టి తనే కొలుస్తాడు. ఇదివరకైతే మెషిన్ సిద్ధం చేసిపెట్టే సెట్టర్ వచ్చేదాకా మెషిన్ ఊరికే నిలబడి ఉండేది. మరి జీతమెంత పెరిగిందంటే నవ్వేశాడు. "ఓనరు శభాష్ అన్నాడన్నా, అంతే."

2015లో కేంద్రం నైపుణ్య శిక్షణ పథకం ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైనప్పటి నుంచీ వింటున్న మాట ఒకటే, స్కిల్ పెంచుకో, జీతం అదే పెరుగుతుంది. అదే ఎలా పెరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లోనే దీనిమీద ఒక మంచి అధ్యయనం జరిగింది. అచ్యుత అధ్వర్యు, నమ్రత కాలా, అనంత్ నైషధం అనే ఆర్థికవేత్తలు చేశారు. మిషన్ మీద కుట్టే ఆడవాళ్లలో కొందరికి మాట్లాడటం, టైమ్, డబ్బు సర్దుకోవడం లాంటివి నేర్పించి, నేర్పించనివాళ్లతో పోల్చి చూశారు. నేర్చుకున్నవాళ్ల ఉత్పత్తి 13 శాతానికి పైగా ఎక్కువైంది. జీతం? అర శాతం. శిక్షణకు పెట్టిన ఖర్చు కంపెనీకి లాభంతో సహా తిరిగొచ్చేసింది.

ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లో చెప్పిన లెక్క ప్రకారం ఇలా జరక్కూడదు. ఎక్కడైనా పనికొచ్చే విద్య నేర్చుకున్నవాడికి జీతం పెంచకపోతే పక్క కంపెనీకి పోతాడు, అందుకే యజమాని పెంచక తప్పదు అంటాడాయన. కానీ పక్క ఫ్యాక్టరీలో కూడా అదే కనీస వేతనానికి అటూ ఇటూగా ఇస్తుంటే ఆ కుట్టే ఆవిడ పోయి ఏం చేస్తుంది? ఇంటికి దగ్గర, పిల్లల బడి, తెల్లారి వచ్చే కంపెనీ వ్యాను, వీటన్నిటినీ కాదనుకుని వెళ్లాలి కదా.

మారతహళ్లి పీజీల్లో ఉండే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. "స్విచ్ కొడితేనే హైక్" అంటారు. వాళ్లకు కోర్సు పనిచేసేది నోటీస్ పీరియడ్‌లో, క్లాసులో కాదు. ఆ పిల్లలకు పది కంపెనీల నుంచి కాల్స్ వస్తాయి, కుట్టుమిషన్ దగ్గరున్న అక్కకు రావు.

నా కోపమంతా ఇంకోచోట ఉంది. కనీస వేతనాల లెక్కలో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్, హైలీ స్కిల్డ్ అని మెట్లున్నాయి. మరి ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రిజిస్టర్లో రాసేది ఎవరు? జీతమిచ్చేవాడే. ఎనిమిదేళ్లు కాలర్లు కుట్టినామె ఇంకా సెమీ స్కిల్డ్‌గానే ఉండిపోవచ్చు. సర్కారు తన డబ్బుతో శిక్షణ ఇప్పించి, తన ముద్ర వేసి సర్టిఫికెట్ ఇస్తుంది, ఆ ముద్ర చూపిస్తే ఒక మెట్టు పైకి రాయాలని మాత్రం యజమానిని అడగదు. అడిగితే ఈ సెంటర్లలో సగం బోగస్ అని కంపెనీలే గోల చేస్తాయి, అందులో నిజం కూడా లేకపోలేదు. అలాగైతే పీణ్యలో చేసినట్టే చేయొచ్చు, అక్కడ ఎవడూ కాగితం చూడడు, ఒక డ్రాయింగ్ చేతికిచ్చి జాబ్ తీసి చూపించమంటారు. ఈ మెట్లకు కూడా అలాంటి ట్రయలే పెట్టండి, కాకపోతే మార్కులు వేసేది ఓనరు కాకూడదు.

మా పక్కింటబ్బాయి చివరికి బొమ్మసంద్రలో ట్రయల్ ఇచ్చి పాసయ్యాడు. జీతం బాగానే పెరిగింది, కానీ ఊరికి ఆ చివర కాబట్టి ఇల్లు మారాలి, పెద్దదానికి మధ్యలో టీసీ తీయాలి. రాజీనామా ఇచ్చిన రోజు సాయంత్రం పాత ఓనరు ఫోన్ చేశాడట. "అదేదో నన్ను అడిగుంటే నేనే ఇచ్చేవాణ్ణి కదప్పా."