తుపాకులు ఎక్కడి నుంచి వచ్చాయి?

టీవీలో ‘ఆర్ఆర్ఆర్’ మళ్లీ వేశారు. అక్క ఉన్నత పాఠశాలలో చరిత్ర చెబుతుంది. తమ్ముడికి సినిమా అంటే ప్రాణం, ఈ సినిమా అంటే మరీను. తెర మీది రామరాజు, భీం ఒక పక్క. చరిత్రలోని అల్లూరి సీతారామరాజు, కొమరం భీం మరో పక్క. నా మనసు అక్క వైపే ఉందని ముందే చెప్పేస్తున్నాను. అయినా తమ్ముడి మాటలు కొన్ని నాకూ గట్టిగానే తగిలాయి.

తమ్ముడు: మొదట్లోనే ఇది కల్పిత కథ అని వేశారు కదక్కా. ఇద్దరూ కొన్నేళ్లు ఇల్లు విడిచి ఎటో వెళ్లారు, ఆ రోజుల్లో కలుసుకుని ఉంటే ఎలా ఉండేది అన్నదే ఊహ. దర్శకుడు అది దాచలేదు, పదిమందిలో చెప్పాడు. ఇంకా ఏమిటి నీ అభ్యంతరం?

అక్క: ఊహించినందుకు కాదు. ఖాళీలో కథ పెట్టుకుంటే ఆ కథ ఖాళీలోనే ఉండాలి. ఇది గట్టు దాటి అవతలి పొలంలో పారింది.

తమ్ముడు: ఎక్కడ దాటింది?

అక్క: తుపాకుల దగ్గర. సినిమాలో రాజు ఏం చేస్తాడు? తన ఊరివాళ్లకు తుపాకులు తేవడం కోసం తెల్లవాడి పోలీసుల్లో చేరతాడు. పై అధికారుల మెప్పు కోసం మనవాళ్లనే కొడతాడు, భీంను కొరడాతో చీల్చుతాడు. చివరికి ఢిల్లీ నుంచి తుపాకులు ఊరికి చేరతాయి. మరి అసలు రాజుకు తుపాకులు ఎలా వచ్చాయి? 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. మిరపకాయలు కట్టిన ఉత్తరం, అదే మిరపకాయ టపా పంపి, వస్తున్నానని ముందే చెప్పి మరీ వచ్చేవాడని నేటికీ చెప్పుకుంటారు. ఆయన వెంట వెళ్లినది ఎవరు? గాం గంటందొర, మల్లుదొర, వాళ్లతో నడిచిన వందలాది గిరిజనులు. వాళ్లకెందుకంత కోపం? 1882 అటవీ చట్టంతో పోడు కొట్టుకోవడానికి, అంటే అడవి నరికి సాగు చేసుకోవడానికి వీల్లేకుండా పోయింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయిస్తూ బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు వాళ్ల చేత గొడ్డుచాకిరీ చేయించాడు. తన పొలానికి తాను వెళ్లలేని మనిషి, కూలి సరిగా ముట్టని మనిషి పోలీసు స్టేషను మీదికి వెళ్లాడు. ఇదంతా సినిమా ముగిసిన తర్వాత జరగాల్సిన చరిత్ర కదా? తుపాకులు ముందే ఊరికి వచ్చేస్తే చింతపల్లికి వెళ్లాల్సిన పనేముంది? పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన మనిషికి పోలీసు దుస్తులు తొడిగారు. గంటందొర, మల్లుదొర చేసిన పనిని ఒక్క కథానాయకుడి తెలివిగా మార్చారు. ఆ మల్లుదొర ఏళ్ల తరబడి జైల్లో మగ్గి బయటికి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ పేరు నువ్వు ఎప్పుడైనా విన్నావా?

తమ్ముడు: లేదు. కానీ దానికి ఈ సినిమానే దోషి అంటే ఎలా? ఈ సినిమా రాకముందు కూడా నేను వినలేదు. నీ పాఠ్యపుస్తకంలో ఉందా ఆ పేరు?

అక్క: లేదు.

తమ్ముడు: మరి! ఇంకో మాట అడుగుతాను. ‘మాయాబజార్’లో శశిరేఖ ఉంది. వ్యాస భారతంలో ఆమె ఎక్కడుంది? లేదు. అయినా మనం ఆ సినిమాను నెత్తిన పెట్టుకున్నాం. బొబ్బిలి, పల్నాడు కథలను బుర్రకథల వాళ్లు ఎంతెంత పెంచి పాడలేదు? వీరుడి చుట్టూ కథ అల్లడం మన జాతి లక్షణం.

అక్క: అభిమన్యుడి మనవలు ఊళ్లో కూర్చుని మా తాత కథ ఇది కాదని అనరు. భీం వర్ధంతిని ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో జరుపుకుంటారు. ఆ పోరాటం నిన్నమొన్నటిది.

తమ్ముడు: సరే, పురాణం వదిలేద్దాం. కృష్ణ నటించిన ‘అల్లూరి సీతారామరాజు’ సంగతి? 1974లో వచ్చింది, తెలుగులో మొదటి సినిమాస్కోప్. అందులో విజయనిర్మల వేసిన సీత ఎవరు? ‘వస్తాడు నా రాజు’ అంటూ అల్లూరి కోసం పాడుకునే ఆ అమ్మాయి ఏ రికార్డులో ఉంది? అది చూసి నువ్వు ఏడుస్తావు. ‘తెలుగు వీర లేవరా’ పాట నీ పిల్లల చేత ఏటా పాడిస్తావు. అక్కడ లేని పట్టింపు ఇక్కడెందుకు?

అక్క: ఆ పాట జోలికి రావద్దు.

తమ్ముడు: ఎందుకు రాకూడదు?

అక్క: అది శ్రీశ్రీ రాసిన పాట. జాతీయ అవార్డు వచ్చింది.

తమ్ముడు: ‘నాటు నాటు’కు 2023లో ఆస్కార్ వచ్చింది. అవార్డులతో చరిత్ర తేలుతుందా?

అక్క: తేలదు. నువ్వన్నది నిజమే, ఆ సీత కల్పితం. అది చూసినప్పుడు నేను ఆ లెక్క వేయలేదు. వేసి ఉండాల్సింది. కానీ ఒక తేడా ఉంది. ఆ సినిమాలో సీతను తీసేస్తే మన్యం, పోడు, స్టేషన్ల మీద దాడి మిగులుతాయి. ఇందులో కల్పితాన్ని తీసేస్తే రెండు పేర్లు మాత్రమే మిగులుతాయి.

తమ్ముడు: ఆ రెండు పేర్లు మిగలడం చిన్న విషయమా? కోస్తాలో పుట్టి పెరిగిన నా స్నేహితుల్లో సగం మందికి భీం ఎవరో ఈ సినిమాతోనే తెలిసింది. ఇంకో మాట. రాజు బతికున్నప్పుడే ఆయనకు మహిమలున్నాయని, గుండ్లు తగలవని మన్యంలో నమ్మారు కదా. ఆయన చుట్టూ కథ అల్లడం మొదలుపెట్టింది ఆయన వెంట నడిచినవాళ్లే. వాళ్లు చేస్తే భక్తి, సినిమా తీసేవాళ్లు చేస్తే తప్పా?

అక్క: (కాసేపు ఆగి) దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. వాళ్లు నమ్మారు. ఆ నమ్మకంతోనే కొండలు ఎక్కారు, తుపాకులకు ఎదురు నిలిచారు. ఆ నమ్మకానికి వాళ్లు ప్రాణాలతో వెల కట్టారు. అంతవరకే చెప్పగలను. కానీ భీం విషయంలో జరిగినదాన్ని మాత్రం నేను వదలను. చివర్లో ఏం కావాలో కోరుకోమని రాజు అడిగితే భీం ఏమంటాడు?

తమ్ముడు: చదువు కావాలంటాడు. అడవిబిడ్డ చదువు అడిగితే అందులో తప్పేముంది? నువ్వు టీచరువి కూడాను.

అక్క: అడగడం తప్పు కాదు. భీం చనిపోయాకే నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను భీం తెగవాళ్లైన గోండుల స్థితి తెలుసుకోమని పంపింది, ఆ తర్వాతే మార్లవాయి అనే ఊళ్లో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. చదువు వాళ్లకు నిజంగా అవసరమే. కానీ ఆ సినిమాలో అక్షరాలు ఇచ్చేది ఎవరు? రాజు. ఏమని రాసిస్తాడు? జల్, జంగల్, జమీన్. నీళ్లు, అడవి, భూమి మావి అన్న ఆ మాట ఎవరిదిరా? భీందే! ఆయన పేరు చెబితే మొదట గుర్తొచ్చేది ఆ మూడు మాటలే. ఇల్లు విడిచి తిరిగిన రోజుల్లోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన కథ చెప్పేవాళ్లు అంటారు. అంటే ఏ ఖాళీలోనైతే ఈ కథ పెట్టారో ఆ ఖాళీలోనే ఆయన అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ మనిషిని చదువు రానివాడిగా నిలబెట్టి, ఆయన నినాదాన్నే ఆయనకు దానంగా ఇప్పించారు. పశువుల మేతకు పన్ను, పోడు కొట్టుకుంటే కేసు. వీటి మీద పన్నెండు గూడేలను కూడగట్టినవాడు ఆయన. ఆయన నాయకుడు, తమ్ముడూ. ఆ సినిమాలో అనుచరుడిలా నిలబెట్టారు.

తమ్ముడు: అనుచరుడు కాడు, స్నేహితుడు. ‘దోస్తీ’ అన్నారు.

అక్క: స్నేహంలో ఒకడు నిప్పు, ఒకడు నీరు అన్నారు, బాగుంది. ఒకడు గురువు, ఒకడు శిష్యుడు ఎలా అయ్యారు?

తమ్ముడు: అది నేను అలా చూడలేదు.

అక్క: ఆయన ఎవరితో పోరాడాడో చెప్పు.

తమ్ముడు: బ్రిటిష్‌వాళ్లతో.

అక్క: నిజాంతో. ఆసిఫాబాద్ అడవుల్లో అధికారం నిజాం సర్కారుది. సినిమాలో నిజాం మనిషి ఢిల్లీ వచ్చి తెల్లవాళ్లను హెచ్చరించి వెళ్లిపోతాడు, అంతే. శత్రువునే మార్చేస్తే ఇక ఆ పోరాటంలో ఏం మిగిలింది?

తమ్ముడు: అయితే ఏం చేసి ఉండాలంటావు? సినిమా తీయకూడదా?

అక్క: తీయాలి. పులితో ఆ పోరాటం, వంతెన కింద ఆ ఇద్దరి చేతులు కలవడం, నేనూ కన్నార్పకుండా చూశాను. వాళ్లిద్దరికీ వేరే పేర్లు పెట్టి తీయాల్సింది.

తమ్ముడు: వేరే పేర్లు పెడితే మావాడు నన్ను ఆ ప్రశ్న అడిగేవాడే కాదు.

అక్క: ఏం అడిగాడు?

తమ్ముడు: సినిమా అయిపోయాక భీం ఏమయ్యాడు నాన్నా అన్నాడు. చూశావు కదా, గెలిచి ఇంటికి వెళ్లాడు అన్నాను. నాకు అంతవరకే తెలుసు.

అక్క: 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసులు కాల్చి చంపారు.

తమ్ముడు: రాజు?

అక్క: కొయ్యూరులో. చెట్టుకు కట్టి కాల్చారు. 1924 మే 7.