సెబాస్టియన్ మొండితనానికి రక్తమే కారణమా?
పోర్చుగల్ రాజు సెబాస్టియన్ 24 ఏళ్లకే మొరాకో యుద్ధంలో చనిపోవడానికి అతని మొండితనమే కారణమని, ఆ మొండితనం పెద్దల దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల వల్లే వచ్చిందన్నట్టు ఒకరు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. దగ్గరి సంబంధమన్నది నిజమే. సెబాస్టియన్ తండ్రి వైపు తాత, పోర్చుగల్ రాజు మూడో జువాన్ చెల్లిని స్పెయిన్ రాజు అయిదో చార్లెస్ చేసుకున్నాడు, చార్లెస్ చెల్లిని జువాన్ చేసుకున్నాడు. మన భాషలో కుండమార్పిడి. ఆ రెండు జంటల పిల్లలకే మళ్లీ పెళ్లి చేశారు, వాళ్లే సెబాస్టియన్ అమ్మానాన్నలు. కాగితం మీద వంశవృక్షం గీసి చూశాను. ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండాల్సిన చోట నలుగురే వచ్చారు. ఆ నలుగురిలో ఆడవాళ్లిద్దరూ అక్కచెల్లెళ్లు. కానీ మా అమ్మానాన్నలదీ మేనరికమే, మా ఇంట్లో ఎవరూ దుడుకువాళ్లు కాలేదు. సెబాస్టియన్ బతుకు చూడండి. 1554 జనవరి 20న పుట్టాడు, అప్పటికి తండ్రి పోయి 18 రోజులు. నెలల పసికందుగా ఉండగానే తల్లి స్పెయిన్ వెళ్లిపోయింది, మళ్లీ కళ్లారా చూసుకోలేదు. మూడేళ్లకు కిరీటం, 14 ఏళ్లకు పూర్తి అధికారం. లిస్బన్ మ్యూజియంలో 1571 నాటి బొమ్మ ఉంది: ఒంటినిండా కవచం, పక్కన వేటకుక్క, ముఖం మాత్రం ఇంకా కుర్రాడిదే. మేనమామ రెండో ఫిలిప్ ఈ యుద్ధం వద్దన్నా వినలేదు. చిన్నప్పటి నుంచి అడ్డు చెప్పేవాళ్లు లేకుండా పెరిగినవాడు ఒక్కసారిగా ఎలా వింటాడు? 1578 ఆగస్టు 4న, నడిఎండలో, పెళ్లి కూడా కాకుండానే పోయాడు. రెండేళ్లకు ఆ సింహాసనం ఆ మేనమామకే దక్కింది.