ఆ చార్టులో బూడిదరంగు ముక్క మేమే

ఇప్పుడే ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకడు స్క్రీన్‌షాట్ పడేశాడు. కంప్యూటర్లలో ఎవరి వాటా ఎంతో చూపించే గుండ్రటి చార్టు, విండోస్‌ది పెద్ద నీలం ముక్క, పక్కన యాపిల్ వాళ్ల మాక్‌ది చిన్న ముక్క, కింద "గ్రోత్ చూశారా, విండోస్ పని అయిపోయింది" అని వరసగా మంటల ఎమోజీలు. అర నిమిషం కాలేదు, విండోస్ బ్యాచ్ దిగిపోయింది, ముందు మా సగానికైనా రండి తర్వాత మాట్లాడదాం అని. ఏ కంపెనీ నుంచీ ఒక్క పైసా రాదు వీళ్లకి, కానీ గొడవ చూస్తే తాతల ఆస్తి పంపకాలేమో అనిపిస్తుంది. సరే అని మర్యాదగా అడిగా, బాబూ ఇది అమ్మకాల లెక్కా, వాడకం లెక్కా అని. ఒక నవ్వు ఎమోజీ, దాని కింద "నువ్వు అదర్స్‌లో ఉంటావ్ కదా అన్నా, నీకెందుకివన్నీ".

అదర్స్ అట. అవును, విండోస్ బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే వాడతా. చార్టులో మూలన బూడిదరంగులో గీతలా ఉందే, అది మేమే.

అసలు మీరు కొట్టుకుంటున్న నంబర్లు ఏంటో ఎప్పుడైనా చూశారా? ఐడీసీ, గార్ట్‌నర్ అనే మార్కెట్ రీసెర్చ్ కంపెనీలు ప్రతి మూడు నెలలకీ ఇచ్చేది షిప్‌మెంట్స్ లెక్క, అంటే షాపులకీ డిస్ట్రిబ్యూటర్లకీ తోలిన సరుకు. గోడౌన్‌లో దుమ్ము పట్టి పడున్నా అది లెక్కే. పైగా అది కంపెనీల వారీగా ఉంటుంది, లెనోవో, హెచ్‌పీ, డెల్, వాటి పక్కన యాపిల్. దాన్ని పట్టుకుని మాక్ వర్సెస్ విండోస్ అని బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేస్తారు. క్రోమ్‌బుక్‌లని, అంటే గూగుల్ ఓఎస్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లని, ఐడీసీ కలుపుతుంది, గార్ట్‌నర్ చాలా కాలం కలపలేదు, అందుకే ఒకే మూడు నెలలకి ఇద్దరివీ రెండు లెక్కలు. యాపిల్ అయితే ఎన్ని మాక్‌లు అమ్మిందో చెప్పడం 2018 చివర్లోనే మానేసింది, కాబట్టి మనవాడి మంటల ఎమోజీలన్నీ ఎవరో వేసిన అంచనాకి.

ఇక గ్రోత్ అంటారా. 2023 మొదటి మూడు నెలల్లో మాక్ షిప్‌మెంట్స్ అంతకుముందు ఏడాదితో పోలిస్తే 40.5 శాతం పడిపోయాయని ఇదే ఐడీసీ చెప్పింది. ఆ రోజు ఏ గ్రూప్‌లోనూ ఎవడూ చార్టు పెట్టలేదే! అంత కిందకి పడ్డాక కొంచెం లేచినా శాతాల్లో భలే కనిపిస్తుంది మరి. విండోస్ వాళ్లూ మరీ కాలర్ ఎగరేయక్కర్లేదు, అందరూ ఇంట్లో కూర్చున్న 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 35 కోట్ల పీసీలు తోలారు, 2023కి అది 26 కోట్లకి దిగింది, పడింది అందరిదీ.

తర్వాత మళ్లీ కొనడం మొదలుపెట్టారంటే ప్రేమ పుట్టుకొచ్చి కాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోతుందన్నారు, 11 వేసుకుందామంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఇంచుమించు ఎనిమిదో జనరేషన్ పైనుంచే ఉండాలి. లక్షణంగా నడుస్తున్న మెషీన్‌ని చెత్తబుట్టకి పంపించి, జనం చచ్చినట్టు కొత్తది కొంటే దాని పేరు గ్రోత్. సేల్స్ వాళ్లు చప్పట్లు కొట్టుకుంటారు, మనవాళ్లు ఇక్కడ ఎమోజీలు.

అన్నిటికన్నా నాకు మండేది ఇది. విండోస్ వేసున్న ల్యాప్‌టాప్ కొంటా, లైసెన్స్ డబ్బు ధరలోనే కలిసుంటుంది, ఇంటికి తెచ్చి మొత్తం తుడిచేసి లినక్స్ వేసుకుంటా. అమ్మకాల్లో నేను విండోస్ కస్టమర్‌నే! నా డబ్బు తీసుకుని నా తలకాయ కూడా వాళ్ల ఖాతాలోనే వేసుకుంటారు. పాత మెషీన్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ పెంచి, ఇంకో నాలుగేళ్లు లాగించేవాడైతే ఏ అమ్మకాల లెక్కలోనూ లేడు, ఎందుకంటే వాడు కొత్త కంప్యూటర్ కొనలేదు. వాడకం లెక్క చూడు అంటారా, వెబ్‌సైట్లలో ట్రాకర్ పెట్టి లెక్క తీసే స్టాట్‌కౌంటర్ లెక్కపెట్టేది పేజీ వ్యూలని, మనుషుల్ని కాదు. ట్రాకర్లు బ్లాక్ చేసుకునేవాళ్లు అందులో ఎలా పడతారు? దాంట్లో "అన్‌నోన్" అని ఒక గడి ఉంటుంది చూడండి, మావాళ్లు ఎంతమంది అందులో ఉన్నారో ఆ దేవుడికే తెలియాలి.

పోనీ లెక్కే కదా, పోతే పోయింది అందామా? పోదు. పోయినేడాది ఒక సర్టిఫికేషన్ పరీక్షకి ఫీజు కట్టా, ఎవరిదో ఎందుకులే. ఇంట్లోంచే రాసే పరీక్ష, కెమెరా ఆన్ చేసి వాళ్ల సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. డబ్బు తీసుకునేటప్పుడు ఏ ఓఎస్ అని అడగలేదు, తీరా చూస్తే "మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్ట్ లేదు". సపోర్ట్‌కి రాస్తే ఆవిడ ఎంత చల్లగా చెప్పిందంటే, లినక్స్ యూజర్లు చాలా తక్కువ సార్, అందుకని మా టీమ్ చేయలేదు అని. ఎందుకు తక్కువమ్మా? మీలాంటోళ్లు చేయరు కాబట్టి! పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. చివరికి మా బావమరిది విండోస్ ల్యాప్‌టాప్ అడుక్కుని కూర్చున్నా, అది పరీక్షకి కాసేపు ముందు "అప్‌డేట్ అవుతోంది, ఆఫ్ చేయకండి" అని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నేను చెమటలు తుడుచుకుంటుంటే వాడు పక్కనే నిలబడి, లినక్స్ మానేయొచ్చు కదా బావా అంటాడు. ఒరేయ్, ఇప్పుడు తిరుగుతున్నది ఎవరిదిరా?

టాప్ 500 సూపర్‌కంప్యూటర్లు 2017 నవంబర్ నుంచి మొత్తం లినక్సే. మీరు ఎమోజీలు పెడుతున్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే, అంటే ఓఎస్‌కి గుండెకాయ లాంటిది. అక్కడ మాత్రం ఎవడూ అదర్స్ అనడు.

కామెంట్స్‌లో "గేమ్స్ ఆడలేవు కదా" అని రెడీగా ఉన్నోళ్లకి ముందే చెప్తున్నా, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్‌లో నడిచేది లినక్సే, మీ విండోస్ గేములు బోలెడు, వాటిని లినక్స్ మీద నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాంట్లో ఆడుకుంటున్నారు జనం. ఆన్‌లైన్ గేముల్లో మోసాలు పట్టే యాంటీచీట్ సాఫ్ట్‌వేర్ల సంగతి మాత్రం ఎత్తకండి, దానికి ఇంకో పోస్ట్ అవుతుంది, ఇప్పుడు ఓపిక లేదు.