బ్రౌన్ దొర చెప్పకుండా పోయిన తోకలు

మా మేనకోడలు బెంగళూరు నుంచి ఒకటే లైను పంపింది: ‘ఇంటర్వ్యూ కాల్డ్ ఆఫ్ మామా’. కాల్ అంటే పిలుపు. అంటే ఇంటర్వ్యూకి పిలిచినారు. ఆ పిలుపు వెనకాల ‘ఆఫ్’ అని ఇంకో చిన్న ముక్క ఉంటే ఉండనీ, పెళ్లి పత్రిక అడుగున ప్రెస్సు పేరు లాంటిది, అదెవరు చదువుతారు? మా కడప ఏడు రోడ్ల దగ్గర అరకేజీ మైసూరుపాకు కట్టించుకొచ్చి వీధిలో నాలుగిళ్లకు పంచినాను. ఐదో ఇంట్లో ఇంటర్ చదివే పిల్లోడు ముక్క నోట్లో వేసుకొని, నా ఫోను చూసి, “తాతా, ఇంటర్వ్యూ రద్దయిందంట” అన్నాడు. ఆ మాట అన్నాక కూడా ఇంకో ముక్క తీసుకున్నాడు.

పంచిన మైసూరుపాకు తిరిగి అడగలేం గాబట్టి, జరిగిన అన్యాయాన్ని పాఠకుల ముందు పెడుతున్నాను.

ఇంగ్లీషులో క్రియలతో పేచీ లేదు. పుట్, గెట్, గో, టేక్, అన్నీ ఒకటో తరగతి మాటలే. వాటి వెనక వేలాడే ఆఫ్, అప్, అవుట్ కూడా ఒకటో తరగతివే. విడివిడిగా ఇద్దరూ సాధువులు, కలిస్తేనే తగాదా. పుట్ అంటే పెట్టడం గదా. పుట్ ఆన్ అంటే చొక్కా తొడుక్కోవడం, పుట్ అవుట్ అంటే మంట ఆర్పడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. ఇక పుట్ అప్ విత్‌కు రెండు తోకలు, దాని అర్థం ఓర్చుకోవడం. రెండు తోకలున్నదాన్ని ఎవరైనా ఓర్చుకోవాల్సిందే, అక్కడ వాళ్లను తప్పు పట్టను. ‘గో ఆఫ్’ను మాత్రం క్షమించలేను. అలారం గో ఆఫ్ అయితే మోగినట్టు, లైటు గో ఆఫ్ అయితే ఆరినట్టు, పాలు గో ఆఫ్ అయితే విరిగినట్టు. తెల్లారుజామున ఈ మూడూ ఒకేసారి జరిగిన ఇంట్లో మనిషి ఏమని కేక వేయాలో ఏ వ్యాకరణంలోనూ లేదు.

పడకల ఏర్పాటు ఇంకో గొడవ. ‘పిక్ అప్’ అనే మొగుడూ పెళ్లాలున్నారు. వస్తువు పేరు చెప్పేటట్టయితే వాళ్ల మధ్యన పడుకోబెట్టొచ్చు, పక్కనా పడుకోబెట్టొచ్చు. పేరు బదులు ‘ఇట్’ అన్నామో, అది చంటిపిల్ల, మధ్యనే పడుకోవాల: ‘పిక్ ఇట్ అప్’. సరే, పిల్లలున్న సంసారం అనుకుంటాం. కానీ ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర అదే చంటిపిల్లను మధ్యలోకి రానివ్వరు: ‘లుక్ ఆఫ్టర్ ఇట్’. కొత్త జంట కాబోలు.

ఈ కాపురాలకు ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే రచయిత పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. అంటే కొన్ని వందల ఏళ్లు వాడుకున్నాక పేరు పెట్టినారు. మా వైపు బిడ్డకు పేరు పెట్టను అంత ఆలస్యం చేస్తే ఊరు ఊరుకుంటుందా?

నా అసలు ఫిర్యాదు బ్రౌన్ దొర మీద. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి, ఇక్కడే బంగళా కొని, పండితులను జీతానికి పెట్టుకొని, తాటాకుల్లో చెదలు తింటున్న మన కావ్యాలను ఎత్తి రాయించిన మహానుభావుడు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించినాడు. ఆ బంగళా ఉన్న చోట, ఎర్రముక్కపల్లెలో, ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా దండం పెట్టేవాణ్ణి. మైసూరుపాకు నాటి నుంచి మానుకున్నా. మన మాటల లోతులన్నీ తవ్వుకున్న మనిషి, “అబ్బీ, మా మాటలకు తోకలుంటాయి, చూసుకోండి” అని ఒక్క ముక్క చెప్పిపోతే ఆయన సొమ్మేం పోయేది? 1852 నాటి నిఘంటువులో రాసే ఉంటాడు గదా అంటారు కొందరు. మిఠాయి కొనేముందు నిఘంటువు తిరగేసే మనిషిని ఒక్కణ్ణి చూపించండి. అయినా మా ఊరి పేరును ‘కుడ్డప’ అన్నట్టు రాసి, 2005 దాకా మాతో అట్లనే మోయించిన భాష అది. దాని దగ్గర ఇంతకన్నా ఏం ఆశిస్తాం!

మన తప్పేమీ లేదా అంటే, ఉంది. మనం నేర్చింది ఆఫీసు ఇంగ్లీషు. పోస్ట్‌పోన్, టాలరేట్ లాంటి లాటిన్ మాటలు మనకు నల్లేరు మీద బండి. ఇంగ్లీషు పిల్లోడికి పుట్ ఆఫ్ ఉగ్గుపాలతో వస్తుంది, పోస్ట్‌పోన్ బడికి పోయినాక వస్తుంది. మనకంతా తలకిందులు. పోస్ట్‌పోన్ మన నోట్లో ఎంతగా నానిందంటే, దానికి జోడీగా ప్రీపోన్ అని ఇంకోదాన్ని వాడుకలో పెట్టుకున్నాం. తీరా విప్పి చూస్తే పోస్ట్ అంటే లాటిన్లో తర్వాత, పోనెరె అంటే పెట్టడం. అదీ తోకే, కాకపోతే ముందుకు తెచ్చి తలపాగా చుట్టినారు. ఇంకో విచిత్రం: వాళ్లు తోక పెట్టని చోట మనం వెతికి మరీ అతికిస్తాం. డిస్కస్ అబౌట్ అంటాం, కోప్ అప్ విత్ అంటాం. ఉండాల్సిన చోట కోసేసినవి ఎక్కడో ఒక చోట వాడాల గదా.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించినా. ఆమె సంగటి గెలుకుతూ, తలెత్తకుండానే అడిగింది: “మొన్న బస్సులో కండక్టరు మీద ఎవడో చేయి చేసుకున్నాడంటే, ఏదో తయారుచేసుకున్నాడు అనుకున్నావా? నీ దగ్గర అప్పు తీసుకున్నోడు చేతులెత్తేసినాడంటే, దండం పెట్టినాడు అనుకున్నావా? పట్టా కాగితాలకు చేయి తడపమన్నోని దగ్గరికి చెంబుతో నీళ్లు తీసకపోయినావా?”

నేనేమీ మాట్లాడలేదు. ఆమె మాటలు వ్యాసంలో వేస్తే ఫిర్యాదుదారు వాదన బలహీనపడుతుందని మొదట అనుకున్నా. పేజీ నిండక వేస్తున్నా.

నిన్న సాయంత్రం మేనకోడలి నుంచి ఇంకో లైను వచ్చింది: ‘దే కాల్డ్ బ్యాక్ మామా’. ఈసారి తొందరపడలేదు. కళ్లజోడు తుడుచుకొని తోక నుంచి చదివినా. బ్యాక్ అంటే వెనక్కి. వెనక్కి పిలిచినారా, వెనక్కి పంపినారా? ఫోను చేస్తే పిల్ల లిఫ్ట్ చేయలేదు. ఇంటర్ పిల్లోడు ట్యూషనుకు పోయినాడంట. ఏడు రోడ్ల దాకా వచ్చి నిలబడినా. మిఠాయి అంగడాయన షట్టరు సగం దించి, “ఏం సామీ, కట్టాల్నా వద్దా?” అంటున్నాడు.